ఆట ముగిసిన తరువాతి ఆట



కొలది దినముల క్రిందట మా మేనల్లుడు నా యొద్దకు వచ్చి ఒక ప్రశ్న వేసెను. "మామయ్యా, మొన్ననే ఒక పెద్ద వీడియో ఆట పూర్తిచేశాను. దానికి ఇంకా రెండు భాగాలున్నాయి. అవికూడా ఆడమంటావా, ఇంతటితో చాలంటావా?" అని. ఆ కుర్రవాడు ఉద్యోగములో కొత్తగా చేరినాడు. పగలెల్ల పని. రాత్రి భోజనమైన పిమ్మట గంటయో, గంటన్నరయో అతనికి స్వంతమైన కాలము. ఆ కాలమును దేనికి వినియోగింపవలెనన్నదే అతని ప్రశ్న. పైకి చిన్న ప్రశ్నవలె కనిపించినను, ఆలోచించినకొలది అది చిన్నది కాదని నాకు తోచెను. ముప్పది గంటలను ఒకదానికి ధారపోయుటకు ముందు "ఇది అందుకు తగునా?" అని అడుగుట వివేకవంతుని లక్షణము. ఆ ఆటను, దాని రెండు భాగములను నేనును ఆడినవాడనే. కనుక అతనికి చెప్పిన సమాధానమునే కొంత విపులముగా నేడు మీ ముందుంచుచున్నాను.

ఈ ఆటల పరిచయము లేని శ్రోతల కొరకు మొదట ఒక మాట. వీడియో ఆటలలో కొన్ని పరుగుపందెముల వంటివి, కొన్ని గురిచూచి కొట్టునవి. మరికొన్ని పెద్ద నవలల వంటివి. ఈ చివరి తరగతి ఆటలో ఒక కథానాయకుడుండును. అతనిని నడిపించువాడు ఆటగాడు. ఏ దారిని పోవలెనో, ఎవరితో ఏమి మాటలాడవలెనో, ఎవరిని రక్షించి ఎవరిని విడిచిపెట్టవలెనో పెక్కు పట్టుల ఆటగాడే నిర్ణయించును. ఆ నిర్ణయమును బట్టి కథ మలుపు తిరుగును. ఇట్టి ఆట వెలువడిన కొంతకాలమునకు, దానిని నిర్మించినవారే మరికొంత కథను, మరికొంత భూభాగమును సిద్ధపరచి వేరుగా విక్రయింతురు. ఆటగాడు దానిని అంతర్జాలము ద్వారా తెచ్చుకొని మూలమునకు చేర్చుకొనును. ఇట్లు చేర్చుకొనుదానిని డి.ఎల్.సి. అనియు, అది పెద్దదైనచో ఎక్స్‌పాన్షన్ అనియు వ్యవహరింతురు. మనము అనుబంధమందము.

పేరు కొత్తదే గాని వస్తువు కొత్తది కాదు. మహాభారతమునకు హరివంశము ఖిలము; అనగా మూలము ముగిసిన పిమ్మట చేర్చబడిన పరిశిష్ట భాగము. భారతమున చెప్పక మిగిలిన శ్రీకృష్ణకథ అందు చెప్పబడినది. ఎఱ్ఱన దానిని తెనుగు చేసెను. నాచన సోమన ఉత్తర హరివంశమును రచించెను. తిక్కన నిర్వచనోత్తర రామాయణమున చెప్పినది పట్టాభిషేకమునకు తరువాతి కథ. పట్టాభిషేకముతో మంగళము పాడిన కథను మరల ఎత్తుకొనుట యెందులకని మనవారెవ్వరును కవిని నిలదీయలేదు. కావున, ముగిసిన కథకు మరల తలుపు తీయుట తప్పు కాదు. తలుపు తీసిన తరువాత లోపల ఏమున్నదన్నదే విచారింపవలసిన విషయము.

అయితే ఆటల విషయమున ఈ విచారణ కొంత గట్టిగానే సాగవలెను. ఏలనన, ఇచట విక్రయమున్నది. 2006వ సంవత్సరమున బెథెస్డా అను అమెరికా సంస్థ 'ఆబ్లివియన్' అను తన ఆటకు ఒక గుఱ్ఱపు కవచమును రెండున్నర డాలర్లకు అమ్మినది. ఆ కవచము తొడిగినచో గుఱ్ఱము మెరయును, దానికి కొంత రక్షణ కలుగును. కథ మాత్రము ఒక్క అడుగైనను ముందుకు సాగదు. ఆటగాండ్రు దానిని చూచి నవ్విరి. నేటికిని అనవసరమైన అనుబంధమునకు ఆ గుఱ్ఱపు కవచమునే ఉదాహరణముగా చెప్పుదురు. కాని అదే సంస్థ, అదే ఆటకు, మరుసటి సంవత్సరము 2007లో 'షివరింగ్ ఐల్స్' అను అనుబంధమును వెలువరించెను. అందు ఉన్మాదమునకు అధిదేవతయైన ఒకనిచే ఏలబడు లోకము సంపూర్ణముగా నిర్మింపబడినది. గుఱ్ఱమునకు తొడుగు అమ్మిన చేతులే ఒక లోకమును కూడ నిర్మింపగలిగినవి. కాబట్టి అనుబంధములన్నియు మోసమనుటయు తప్పే, అన్నియు కొనదగినవే యనుటయు తప్పే. ఒక్కొక్కదానిని వేరువేరుగా తూచి చూడవలెను.

ఇక మా మేనల్లుడు అడిగిన ఆట 'ది విచర్ 3: వైల్డ్ హంట్'. దీనిని పోలండు రాజధానియైన వార్సా నగరమునందలి సి.డి. ప్రాజెక్ట్ రెడ్ అను సంస్థ నిర్మించి, 2015 మే 19వ తేదీన విడుదల చేసినది. దీనికి ఆధారము ఆంద్రెయ్ సప్కోవ్‌స్కీ అను పోలిష్ రచయిత సృష్టించిన పాత్రలు. ఆయన 1986లో ఒక పత్రికలో ప్రకటించిన చిన్నకథతో ఆ పరంపర మొదలైనది. కథానాయకుడు గెరాల్ట్. తెల్లని జుట్టు, పిల్లికన్నులు కలవాడు. ఊరూర తిరుగుచు, కూలి పుచ్చుకొని రాక్షసజంతువులను చంపుట అతని వృత్తి. ఇల్లు లేదు, పొలము లేదు. అతని సేవ అందరికిని కావలెను. అతనిని పక్కన కూర్చుండబెట్టుకొనుట మాత్రము ఎవరికిని ఇష్టము లేదు. యుద్ధమువలన పాడుపడిన దేశమున అతడు తన పెంపుడు కుమార్తె సిరిని వెదకుటయే మూలకథ.

ఆ కథ సంపూర్ణము. తండ్రి కూతురును వెదకును, కనుగొనును, ఆమెతో అతడు మెలగిన తీరును బట్టి ముగింపు కలుగును. ఏ అనుబంధమును లేకున్నను మూలము నిలుచును. ఇది నేను చూచు మొదటి గుర్తు. మూలమే అసంపూర్ణమై, ముగింపును వేరుగా అమ్మినచో, ఆ అనుబంధము అప్పు తీర్చుటయే గాని కానుక యిచ్చుట కాదు. ఈ నిర్మాతలు చిన్నచిన్న చేర్పులను పదునారింటిని వెల లేకయే పంచిపెట్టిరి. వెలకు అమ్మినవి రెండు: 2015 అక్టోబరు 13న 'హార్ట్స్ ఆఫ్ స్టోన్', అనగా రాతి గుండెలు, 2016 మే 31న 'బ్లడ్ అండ్ వైన్', అనగా నెత్తురు, ద్రాక్షాసవము. విడుదలనాడు మొదటిదాని వెల పది డాలర్లకు ఒక సెంటు తక్కువ; రెండవదాని వెల ఇరువది డాలర్లకు ఒక సెంటు తక్కువ. మొదటిది సుమారు 10 గంటల ఆట, రెండవది సుమారు 20 గంటల ఆట యని నిర్మాతలు చెప్పిరి. లెక్కకు రెండును సరితూగినవి. అయితే కథ విలువ గంటల లెక్కకు లొంగునది కాదు.

మొదటి అనుబంధమును గూర్చి చెప్పెదను. ఓల్గియర్డ్ అను ధనిక బందిపోటు గెరాల్టును పిలిపించి, నగరపు మురుగుకాలువలలో చేరిన ఒక పెద్ద కప్పను చంపుమని కూలి మాటలాడును. కప్పను చంపిన పిమ్మట తెలియును, అది శాపమువలన కప్పయైన పరదేశపు రాకుమారుడని. రాకుమారుని మనుష్యులు గెరాల్టును బంధించి, శిక్షించుటకై ఓడమీద కొనిపోవుదురు. ఆ చెరలోనికి ఒక మనిషి వచ్చును. పేరు గాంటర్ ఓ డిమ్. చూపునకు సాధారణుడు, అద్దములు అమ్ముకొను బికారి వర్తకుడు. "నిన్ను విడిపించెదను, బదులుగా నాకొక పని చేసిపెట్టుము" అనును. ఒప్పందము కుదురును. గెరాల్టు ముఖముమీద ఒక ముద్ర పడును. ఓడ పగులును.

ఇచట ఒక విశేషము. ఈ గాంటర్ ఓ డిమ్ కొత్తవాడు కాడు. మూలపు ఆటలో మొట్టమొదటి పల్లెలో, పూటకూటి యింట, గెరాల్టుతో రెండు మాటలు మాటలాడి, దారి చూపి పోయినవాడే. వందగంటల క్రిందట మనము చూచి మరచిన మనిషి. అతడు తిరిగి ఎదుటికి వచ్చినపుడు, "ఆనాడు ఇతడు ఊరకే పలుకరించెనా?" యని ఒడలు జలదరించును. మంచి అనుబంధము చేయవలసిన పని ఇదియే. అది మూలమును పొడిగించుటతో సరిపెట్టుకొనక, మనము దాటివచ్చిన చోటును మరల వెలిగించి చూపవలెను.

ఈ కథకు వేరు పోలండు జానపదమునందున్నది. పదునారవ శతాబ్దమున క్రాకోవ్ నగరమున త్వర్దోవ్‌స్కీ అను మాంత్రికుడుండెనని అచటి ఐతిహ్యము. అతడు సైతానునకు ఆత్మను అమ్ముకొనెను. కాని ఒప్పందమున ఒక తెలివియైన నిబంధన పెట్టెను: రోము నగరమున తప్ప తన ఆత్మను తీసికొనరాదని. ఆ పిమ్మట రోము వంకకైనను పోక సుఖముగా కాలము గడపెను. ఒకనాడు ఒక పూటకూటి యింట అడుగుపెట్టినంతనే సైతాను ప్రత్యక్షమయ్యెను. ఆ పూటకూటి యింటి పేరు రోము! తుదకు అతడు చంద్రునిమీద చిక్కుపడినాడనియు, నేటికిని అచటనే ఉన్నాడనియు చెప్పుదురు. త్వర్దోవ్‌స్కీదని చెప్పబడు ఒక లోహపు అద్దము వెంగ్రూఫ్ అను ఊరి చర్చిలో నేటికిని కలదు. పోలండు మహాకవి మిత్స్కియెవిచ్ 1822లో ప్రకటించిన తన గాథలలో ఈ మాంత్రికుని కథను హాస్యముగా చెప్పెను. అద్దములమ్ము వర్తకుడు, ఆత్మను అమ్ముకొన్న ధనికుడు, మూడు కోరికలు, మాటకు మాట పట్టు ఒప్పందము: ఇవన్నియు ఆ నేలనుండి మొలిచినవే. ఆట ఈ ఐతిహ్యమును తుదకు ఎట్లు వాడుకొన్నదో నేను చెప్పను. త్వర్దోవ్‌స్కీ కథ తెలిసినవాడు మాత్రము చివరి ఘట్టమున తన పాదమెచట మోపుచున్నాడో చూచుకొనును.

ఓల్గియర్డు కోరిన కోరికలు మూడు. మొదటిది: తన తమ్ముడు వ్లొదిమిర్‌ను ఒక రాత్రి మనసార సంతోషపెట్టవలెను. చిక్కేమనగా, ఆ తమ్ముడు చనిపోయి చాలకాలమైనది. అతని ప్రేతమును గెరాల్టు తన దేహముననే మోసికొని, ఒక పల్లెటూరి పెండ్లికి పోవును. ఆ రాత్రి ఈ మూగమనిషి నాట్యమాడును, పందులను తోలును, చెరువులో పడిన పాదరక్షకొరకు మునుగును, చతురోక్తులాడును. మాటలాడునది తమ్ముడు, తడిసినది గెరాల్టు! ఆ పల్లె పేరు బ్రోనోవిట్జ్. ఆనాడు క్రాకోవ్ సమీపమున బ్రోనోవిత్సె అను పల్లె యుండెను. విస్పియాన్‌స్కీ 1901లో రచించిన 'పెండ్లి' యను ప్రసిద్ధ నాటకము జరుగునది అచటనే. అందును పెండ్లియింటికి ప్రేతములు అతిథులుగా వచ్చును. తెలిసినవారికి ఈ పోలిక ముచ్చట గొలుపును. తెలియనివారికి పెండ్లి పెండ్లియే. పాండిత్యము తెలియనివానిని గడప బయట నిలబెట్టకపోవుట ఈ రచనలోని మంచి గుణము.

రెండవ కోరిక ఒక వేలముపాటల భవనమున దోపిడి. దానిని దాటి మూడవదానికి వచ్చెదను. ఈ అనుబంధమునకు ప్రాణము అచట నున్నది. ఓల్గియర్డు ఒకప్పుడు తన భార్య ఐరిసుకు ఇచ్చిన గులాబిని తెచ్చి యియ్యవలెను. గెరాల్టు ఆ పాతయింటికి పోవును. ఇల్లు పాడుపడినది. పెరటిలో ముఖము లేని కాపలావాడు గోతులు త్రవ్వుచుండును. లోపల ఒక నల్లకుక్క, ఒక నల్లపిల్లి మనుష్యులవలె మాటలాడును. ఐరిసు ఏనాడో కన్నుమూసినది. చిత్రలేఖనము ఎరిగిన ఆమె వ్రాసిన చిత్రములోనే ఆమె జ్ఞాపకములన్నియు నిలిచిపోయినవి. గెరాల్టు ఆ చిత్రములోనికి అడుగుపెట్టి, ఒక్కొక్క జ్ఞాపకమున చెదరిన వస్తువులను మరల వాని చోట్ల అమర్చును. అమర్చినకొలది ఆ దాంపత్యపు కథ మన కన్నుల ఎదుట జరుగును. పెండ్లికొరకై భర్త వరము కోరెను, వరము ఫలించెను, గుండె రాయి అయ్యెను. ప్రేమకొరకు చేసిన బేరమున ప్రేమయే ఖర్చైపోయినది.

చిట్టచివర ఐరిసు ఎదురగును. ఆమె చేత గులాబి యున్నది. దానిని తీసికొన్నచో, ఆమెకు మిగిలిన ఆ కొంచెపు ఉనికియు అంతరించును. తీసికొననిచో, ఆమె ఆ చిత్రలోకముననే తన దుఃఖముతోను, తన జ్ఞాపకములతోను ఒంటరిగా నిలిచిపోవును. ఏది దయ? ఏది క్రౌర్యము? కత్తి ఇచట పనికిరాదు, మంత్రము పనికిరాదు, ఆటగాని నేర్పు పనికిరాదు. తెరమీద రెండు వాక్యములు కనబడును. వ్రేలు ఒకదానిమీద నిలువవలెను. నేను ఆ రాత్రి చాలసేపు అట్లే కూర్చుంటిని. ఒక ఆట మనిషిని అట్లు కూర్చుండబెట్టగలిగినచో, అది ఆడదగినదా యను ప్రశ్నకు సగము సమాధానము దొరికినట్లే.

లోపములు లేవా? ఉన్నవి. చాలవరకు పాత భూభాగమే. ఈశాన్యపు మూల కొంత పెరిగినది. కొత్త దేశమును చూడవచ్చునని పోయినవానికి ఆశాభంగము కలుగును. కప్పతోను, ఆ కాపలావానితోను పోరాటములు తక్కిన ఆటకంటె హఠాత్తుగా కఠినములు. పరదేశపు రూనశిల్పి యొకడు ఆయుధములను మెరుగుపరచుటకు వేలకొలది నాణెములు అడుగును. అది డబ్బు మిగిలినవారికి కల్పించిన ఖర్చే గాని కథకు అవసరము లేదు. ఐనను, ఈ లోపములు భోజనమున ఉప్పు తగ్గుట వంటివి. అన్నము ఉడకకపోవుట వంటివి కావు.

రెండవ అనుబంధమునకు వచ్చునప్పటికి లోకమే మారును. తూసాన్ అను చిన్న సంస్థానము. యుద్ధము దానిని తాకలేదు. ఫ్రాన్సు దక్షిణ భాగమును తలపించు కొండవాలులు, ద్రాక్షతోటలు, తెల్లని కోట, ప్రతిజ్ఞలు చేయు వీరయోధులు. మూలమున బురద, ఉరికంబములు, కాలిన పల్లెలు చూచి చూచి అలసిన కన్నులకు ఇచటి ఎండ మొదట నమ్మశక్యము కాదు. ఆ దేశపు రాణి అన్నా హెన్రియెట్టా గెరాల్టును పిలిపించును. వృద్ధయోధులను ఎవరో వరుసగా చంపుచున్నారు. చంపిన తీరున వీరధర్మములను ఒక్కొక్కదానిని ఎగతాళి చేయుచున్నట్లున్నది. హంతకునిగా తేలువాడు మనుష్యునికంటె బలవంతుడైన రక్తపిశాచి. కాని వెదకినకొలది, అతని వెనుక మరియొకరి పగయు, ఆ పగ వెనుక ఒక పాత అన్యాయమును బయటపడును. అద్దమువంటి ఆ రాజ్యమునకు వెనుకవైపు పూత రాలిన గోడ యున్నది.

ఇచట గెరాల్టునకు తోడుగా నిలుచువాడు రీజిస్. ఇతడును రక్తపిశాచియే, కాని రక్తము మానినవాడు. వైద్యుడు, మాటకారి, మిక్కిలి మర్యాదస్థుడు. సప్కోవ్‌స్కీ నవలలో స్నేహితునికొరకు ప్రాణము పోగొట్టుకొన్నవాడు. ఆటలో అతడు తిరిగి లేచి వచ్చుటకు తగిన కారణము చెప్పబడినది. చచ్చినవారిని తేరగా బ్రతికించుట సాధారణముగా అనుబంధముల దుర్గుణము. ఇచట మాత్రము అది దోషముగా తోచదు. ఏలనన, రీజిసు తిరిగివచ్చినందుకు ఒక వెల చెల్లింపవలసియున్నది. అతనిని బ్రతికించినవాడును, ఇప్పుడు వేటాడబడువాడును ఒక్కడే. కృతజ్ఞత ఒకవైపు, న్యాయము ఒకవైపు. ఆ మిత్రుని ముఖము చూచుచు ఆటగాడు తీర్పు చెప్పవలెను.

కూలిగా గెరాల్టునకు ఒక ద్రాక్షతోట దొరకును. పేరు కోర్వో బియాంకో. ఇటలీ భాషలో తెల్లని బొంతకాకి. ఇన్నాళ్లు చెట్లక్రింద పండుకొన్నవానికి ఒక మంచము, ఒక వంటయిల్లు, ఒక గుఱ్ఱపుసాల. ఇది కథకు అలంకారముగా పెట్టినది కాదని నాకు ఒక చిన్న ఘట్టమువలన తెలిసినది. పాడుపడిన ఒక భవనమున చెంచాలను కూడబెట్టుకొను వికృతరూపిణి యొకతె యున్నది. పూర్వము ఆమె కులీన స్త్రీ. వాకిటికి వచ్చిన బికారికి అన్నము పెట్టక తరిమినందున శాపము తగిలినది: ఎంత తిన్నను ఆకలి తీరదు, ఆమె బల్లయొద్ద ఎవ్వరును కూర్చుండరు. గెరాల్టు ఆమెను కత్తితో చంపవచ్చును. పని త్వరగా ముగియును. లేదా ఆ రోత బల్లయొద్ద కూర్చుండి, ఆమెతోపాటు ఆమె కూడు తినవచ్చును. తినగలిగినచో శాపము తీరును. ఆమె మరల మనిషియై, వచ్చి గెరాల్టు ఇంట వంటలక్కగా చేరును. అన్నము పెట్టనందున పోగొట్టుకొన్న మనిషితనమును, అన్నము వండిపెట్టుటలో ఆమె తిరిగి పొందినది. అన్నము విలువ తెలిసిన మన నేలమీద ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు. ఇల్లనగా గోడలు కావు, మనము చంపక విడిచిన మనుష్యులు వచ్చి చేరిన చోటు అని ఈ చిన్న ఘట్టము చెప్పకయే చెప్పును.

హాస్యమునకును కొదవ లేదు. గెరాల్టు తన సొమ్ముకొరకు బ్యాంకునకు పోగా, "పుస్తకముల ప్రకారము మీరు మరణించితిరి" అని గుమాస్తా చెప్పును. తాను బ్రతికియున్నట్లు రుజువు చేసికొనుటకు ఒక కిటికీనుండి మరియొక కిటికీకి తిరిగి, కాగితముకొరకు కాగితము తేవలెను. ఎన్ని రాక్షసులను చంపిన కత్తియైనను ఆ కిటికీయొద్ద ఒరలోనే ఉండవలసినదే!

దీనికిని లోపములున్నవి. బందిపోట్ల స్థావరములు, పటముమీద ప్రశ్నార్థక చిహ్నములు మితిమీరినవి. కొన్ని దినముల తరువాత ఆ తిరుగుడు వినోదముగా గాక గుమాస్తా పనిగా తోచును. కథ ఒక దారిని పోయినపుడు, ఒకరి ప్రాణము నిలుచుట నిలువకపోవుట, నడుమ కనబడు ఒక చిన్న వస్తువును తెచ్చుకొంటిమా లేదా యన్నదానిపై ఆధారపడియున్నది. విచక్షణకు దక్కవలసిన ఫలితము వెదకుటకు దక్కుట న్యాయము కాదు. హంతకుడు మొదట దయనీయుడుగా కనబడి, ఒక్క రాత్రిలో నగరముమీదికి తన గుంపును ఉసిగొల్పిన పిమ్మట, అతనిపై మనకు కలిగిన జాలికి చోటు చాలకపోయినది. ఐనను, 2016లో గేమ్ అవార్డుల సభలో ఉత్తమ పాత్రధారణ క్రీడ యను బహుమానము ఈ అనుబంధమునకే వచ్చినది. పూర్తి ఆటలతో పోటీపడి ఒక అనుబంధము దానిని గెలుచుట సామాన్యము కాదు.

ఇప్పుడు తూకము వేయుదము. రెండవది పెద్దది, అందమైనది, ఉదారమైనది. మొదటిది చిన్నది, చీకటిది, పదునైనది. రెండవది గెరాల్టునకు విశ్రాంతి నిచ్చును. మొదటిది మనకు విశ్రాంతి లేకుండ చేయును. రెండింటిలో ఒక్కటే ఆడుటకు కాలమున్నవానికి నేను మొదటిదానినే చెప్పుదును. గెరాల్టుతో మూలకథ అంతయు నడచినవానికి మాత్రము రెండవదియు కావలెను. ఏలనన, ఇంతదూరము నడిపించినవానిని ఇల్లు చేర్చుట మన బాధ్యత. ఆ తోటలో చివరికి అతనిని చూడవచ్చు అతిథి ఎవరన్నది మూలపు ఆటలో మనము చేసిన నిర్ణయములనుబట్టి మారును. అనుబంధము మూలమును మరువలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

కొన్ని హెచ్చరికలు. మూలపు ఆట నచ్చనివాడు, అనుబంధమైనను నచ్చునేమో యని డబ్బు పెట్టరాదు. అదే కత్తి, అదే గుఱ్ఱము, అదే నడక. మూలము పూర్తి కాకమునుపే రెండవ అనుబంధమునకు పోరాదు. నేరుగా అనుబంధముతోనే మొదలుపెట్టు వసతి నిర్మాతలు కల్పించిరి. కాని అట్లు పోయినవాడు చుట్టములు తెలియని పెండ్లికి పోయినవానివలె నుండును: విందు రుచించును గాని ఎవరు నవ్వుచున్నారో, ఎందుకు నవ్వుచున్నారో తెలియదు. మొదటిదానిని ఆడుటకు గెరాల్టు ముప్పదవ స్థాయిని దాటియుండుట మేలు. పటముమీది గుర్తులన్నియు తుడువవలెనన్న పంతము ఎవ్వరికిని వలదు. కథ పిలిచినచోటికి పొండు, మిగిలినది మిగులనిండు.

ఇప్పుడు ఈ రెండు అనుబంధములును మూలముతో కలిపి ఒకే కట్టగా కూడ దొరకుచున్నవి. మా మేనల్లుడు కొన్నది ఆ కట్టయే. కాబట్టి అతని ప్రశ్న డబ్బును గూర్చినది కాదు. సొమ్ము ఎప్పుడో చెల్లిపోయినది. చెల్లించవలసినది రాత్రి గంటలు. వెల తగ్గినకొలది ఈ ప్రశ్న తేలిక కాలేదు, బరువెక్కినది. సొమ్ము పోయినచో మరల సంపాదింపవచ్చును.

నేను వానితో ఇట్లు చెప్పితిని: "నాయనా, ఎన్ని గంటలు ఆడించునని చూడకు. ఆడి లేచిన తరువాత ఎన్ని దినాలు నీ వెంట వచ్చునో చూడు. మొదటిది ఆడు. ఆ గులాబి దగ్గర నీకేమీ తోచక చేయి ఆగితే, రెండవది కూడా ఆడు. ఆగకపోతే కంప్యూటరు కట్టేసి నిద్రపో."

పదునైదు దినముల తరువాత వాడు మరల వచ్చెను. ఏమి చేసితివని నేనడుగలేదు. వాడే కొంతసేపు ఊరకుండి, "మామయ్యా, ఆ పువ్వు నువ్వు తీసుకున్నావా?" అని అడిగెను.

ఆ ప్రశ్న వినిన తోడనే, ఆ అనుబంధము ఆడదగినదేనని నాకు మరొకమారు నిశ్చయమైనది. నా సమాధానము వానికి చెప్పితిని. మీకు మాత్రము చెప్పను. మీలో ఎవరైన ఆడదలచినచో, ఆ నిర్ణయము మీదిగానే ఉండవలెను.